అమ్మేసిన పాత తుపాకీ మీద మనసు పీకుతుంటే: దాని విలువ తేల్చుకునే పద్ధతి, తిరిగి తెచ్చుకునే దారి

మా తాతగారు 1950ల్లో కొల్లేటి మీద బాతుల వేటకు తీసుకెళ్లిన జోడు గొట్టాల తుపాకీని, మా నాన్నగారు కాలం చేసిన కొద్ది నెలలకే, 2014లో నేను అరవై వేల రూపాయలకు అమ్మేశాను. ఆ రోజు దిగులు వేయలేదు సరికదా, స్టేషను చుట్టూ, కలెక్టరేటు చుట్టూ తిరిగే పని తప్పిందని ఊపిరి పీల్చుకున్నాను. మూడేళ్ల తర్వాత విజయవాడలో ఒక పెళ్లి పందిట్లో మా బాబాయి వరసాయన పక్కన కూర్చుని, "ఏరా అబ్బాయ్, మీ తాత మాంటన్ తుపాకీని పప్పుబెల్లాలకి అమ్మేశావటగా? అది లక్షల మీద పలికేదిరా!" అన్నాడు. మాంటన్ అంటే పాతకాలపు పేరుమోసిన ఇంగ్లీషు తుపాకీ. ఆ మాటతో నా దిగులు మొదలైంది. చచ్చినవాడి కళ్లు చారెడు అన్నట్టు, చేజారిన తుపాకీకి ఆ రాత్రి నుంచి గుణాలు పెరగడం మొదలుపెట్టాయి.

ఆ బాధను పట్టుకుని రెండేళ్లు తిరిగి, పాత కాగితాలు తవ్వి, తెలిసినవాళ్లను అడిగి నేను తేల్చుకున్నదంతా ఈ మార్గదర్శిలో వరసగా పెడుతున్నాను. అమ్మేసి బాధపడుతున్నవారి కోసమే దీన్ని రాస్తున్నప్పటికీ, ఇంకా అమ్మనివారు చదివితే వారికే ఎక్కువ లాభం.

మొదటి అడుగు: ధర సంగతి పక్కన పెట్టి కాగితాలు పోగుచేయండి

చేతిలో వస్తువు లేనప్పుడు మనకు మిగిలే సాక్ష్యం కాగితమే. లైసెన్సు పుస్తకంలో ఆయుధం వివరాలు రాసిన పేజీ, అమ్మకానికి ముందు ఇచ్చిన నోటీసు నకలు, డీలరు ఇచ్చిన రసీదు, ఇంట్లో ఉన్న పాత ఫొటోలు, చివరికి ఎన్నికల సమయంలో స్టేషనులో డిపాజిట్ చేసినప్పుడు ఇచ్చిన చీటీ కూడా పనికొస్తుంది. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సుదారులు తుపాకులు అప్పగించడం మన జిల్లాల్లో అందరికీ తెలిసిన తంతే కాబట్టి, ఆ చీటీలు ఎక్కడో ఒక పాత డైరీలో నలిగి ఉంటాయి. వాటిలో తయారీదారు పేరు, నంబరు, బోరు (గొట్టం లోపలి కొలత) రాసి ఉంటాయి. ఆ మూడూ దొరికితే సగం పని అయినట్టే.

అమ్మకానికి ముందటి నోటీసు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం, సొంత వాడకానికి ఉంచుకున్న తుపాకీని అర్హత ఉన్న మరొకరికి అమ్మదలిస్తే, ఆ సంగతిని కొనేవారి పేరు, చిరునామాతో సహా జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషను అధికారికి గానీ రాతపూర్వకంగా తెలిపి, ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి. అమ్మే రోజుల్లో ఈ నిబంధన పెద్ద విసుగు. ఏళ్ల తర్వాత పశ్చాత్తాపపడే రోజుల్లో మాత్రం ఇదే వరమవుతుంది, ఎందుకంటే మీ తుపాకీ మొదట ఎవరి చేతికి వెళ్లిందో మీ సంతకంతోనే ఆ కాగితం మీద ఉంటుంది.

నకలు లేకపోతే మీ లైసెన్సు ఫైలు ఉన్న కార్యాలయానికి రాయాలి. ఇక్కడ గుంటూరుకూ విజయవాడకూ ఒక తేడా ఉంది. పోలీసు కమిషనరు ఉన్న చోట ఈ చట్టం దృష్టిలో జిల్లా మేజిస్ట్రేటు అంటే ఆయనే. కాబట్టి విజయవాడ నగరంలో ఆయుధ లైసెన్సుల ఫైళ్లు కమిషనరేటులో ఉంటాయి, గుంటూరులో కలెక్టరు కార్యాలయంలో ఉంటాయి. మీ సొంత ఫైలులోని కాగితాల నకళ్లను సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రస్తుతం ఎవరి దగ్గర ఉందో చెప్పమని మాత్రం ఆ దరఖాస్తులో అడగకండి. అది ఇతరుల వ్యక్తిగత సమాచారం కింద తిరస్కరణకు గురై, మీరు అడిగిన మిగతావి కూడా ఆలస్యమవుతాయి.

రెండో అడుగు: మీరు అమ్మింది ఏ కోవకు చెందిందో నిర్ణయించుకోండి

మన దేశంలో తుపాకీ విలువను దాని అందం కన్నా ముందు చట్టం నిర్ణయిస్తుంది. కొనగలిగేవాడు లైసెన్సు ఉన్నవాడు మాత్రమే. ఆయుధాల చట్టానికి వచ్చిన 2019 సవరణ తర్వాత ఒక్కొక్కరికి గరిష్ఠంగా రెండే తుపాకులు, అంతకుముందు మూడు ఉండేవి. అంటే డబ్బూ అభిరుచీ ఉండి కూడా, చేతిలో ఇప్పటికే రెండు ఉన్నవాడు మీ వస్తువును ముట్టుకోలేడు. ఒక్క సవరణతో కొనుగోలుదారుల గుంపు ఎంత సన్నబడిందో ఊహించుకోండి. 2019కి ముందు విన్న ధరలను ఇప్పటి ధరలతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

రెండో విషయం బోరు. .303 రైఫిలు, 9 ఎంఎం పిస్తోలు వంటివి నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. వాటిని సామాన్య లైసెన్సు మీద కొనలేరు. సైన్యపు తూటా పౌరులకు అందకూడదన్న ఆ ఆలోచన వల్లనే మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీల .315 రైఫిలు పుట్టింది. పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, మన కార్యాలయాల భాషలో డీబీబీఎల్, నిషిద్ధం కానిది కాబట్టి దానికి కొనేవారు ఎప్పుడూ ఎక్కువే. అరుదైన వస్తువైనా నిషిద్ధ బోరుదైతే అంగడి దాదాపు ఉండదు. అరుదుకు అంగడి తోడైతేనే ధర.

మూడో విషయం వయసు. కాలం చెల్లిన నమూనావి, పురావస్తు విలువ ఉన్నవి, లేదా బాగు చేసినా కాల్చలేనంత పాడైనవి అయిన ఆయుధాలకు ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. 2020లో కేంద్ర హోం శాఖ క్యూరియో (అపురూపమైన పాత వస్తువు) కోవకు చెందిన చిన్న ఆయుధాలను దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని, కాల్చడానికీ వెంట తీసుకెళ్లడానికీ మాత్రం కావాలని సవరణ తెచ్చింది. అయితే "మా గోడకు వేలాడేది పాతదే కదా" అన్న మన అభిప్రాయం చెల్లదు. ఆ వర్గీకరణను లైసెన్సింగ్ అధికారి నుంచి కాగితం మీద తీసుకోవాలి. అలా తీసుకున్న కాగితం ఉన్న వస్తువుకూ, లేని వస్తువుకూ ధరలో చాలా తేడా ఉంటుంది. మొదటిది కొనడానికి ఎవరైనా రావచ్చు, రెండోదాన్ని కొనేవాడు కేసు కూడా కొన్నట్టే.

మూడో అడుగు: పేరు చూసి మోసపోకండి, ముద్రలు చదవండి

మా విషయంలో అసలు కథంతా ఇక్కడే ఉంది కాబట్టి ఈ అడుగు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

తుపాకీ మీద కొట్టొచ్చినట్టు కనిపించే పేరు చాలాసార్లు తయారుచేసినవాడిది కాదు, అమ్మిన దుకాణానిది. బ్రిటిషు కాలంలో కలకత్తాలోని మాంటన్, రోడ్డా, లయన్ అండ్ లయన్ వంటి దుకాణాలు ఇంగ్లండులోని కార్ఖానాల్లో చేయించిన తుపాకుల మీద తమ పేర్లు వేయించి అమ్మేవి. రోడ్డా పేరు మనవాళ్లకు మరో విధంగా కూడా తెలుసు: 1914 ఆగస్టులో బెంగాల్ విప్లవకారులు ఆ దుకాణానికి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్లను ఎత్తుకుపోయారు. ఇలాంటి చరిత్ర ఉన్న పేరు కనబడితే ఇంట్లోవాళ్లు దానికి ఇంకో నాలుగు కథలు కలుపుతారు. మా ఇంట్లో "మాంటన్" అన్న మాట అలా పుట్టినదే.

లండన్‌లో జోసెఫ్ మాంటన్ అనే మహా నిపుణుడు ఉండేవాడు (1766-1835). ఆయన చేతి తుపాకీ అయితే అది గొట్టం మూతి నుంచి మందు దట్టించేదై ఉండాలి. మా తాతగారిది మధ్యకు విరిచి వెనక నుంచి తూటాలు పెట్టేది, పైగా బయటికి కనిపించే సుత్తులు లేనిది. ఇప్పుడు చాలా తుపాకుల్లో కనిపించే సుత్తుల్లేని బాక్స్‌లాక్ యంత్రాంగానికి ఆన్సన్, డీలీ అనే ఇద్దరు వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేస్తూ పేటెంటు తీసుకున్నది 1875లో, అంటే మాంటన్ పోయిన నలభై ఏళ్లకు. ఈ ఒక్క లెక్క మా బాబాయికి పెళ్లిలోనే చెప్పగలిగి ఉంటే నాకు రెండేళ్ల నిద్ర మిగిలేది.

ముద్రలు ఎక్కడుంటాయంటే, గొట్టాలను విడదీసి తిప్పి చూస్తే, తూటా కూర్చునే చోట అడుగు భాగంలో చదునుగా ఉన్న తలం మీద ఉంటాయి. గొట్టం బలాన్ని పరీక్షించాక ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్షాశాల వేసే ప్రూఫ్ ముద్రలివి. దుకాణదారు తన పేరు ఎంత పెద్దగా వేయించుకున్నా వీటి జోలికి పోలేడు. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813 నుంచి ఉంది. దాని పాత ముద్రల్లో కిరీటం కింద అడ్డంగా పెట్టిన రాజదండాలు ఉంటాయి. 1904 తర్వాతివాటిలో కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్‌పీ అన్న అక్షరాలు ఉంటాయి. ఎన్‌పీ అంటే పొగరాని మందుకు తట్టుకునేలా పరీక్షించారని అర్థం. "నాట్ ఫర్ బాల్" (గుండు వేసి కాల్చడానికి కాదు) అన్న మాటలు కనిపిస్తే అది 1875-1887 మధ్య కాలపు బ్రిటిషు గొట్టం, మూతి దగ్గర ఇరుకు చేసినది. అండాకారపు గీతలో ఈఎల్‌జీ అక్షరాలు ఉంటే అది బెల్జియంలోని లీజ్ పట్టణపు పరీక్షాశాల ముద్ర. ఆ అండం మీద కిరీటం ఉంటే 1893 గానీ, ఆ తర్వాత గానీ వేసింది.

నా దగ్గర తుపాకీ లేదు కదా, ముద్రలు ఎలా చూశాను? అమ్మకానికి ముందు కొనేవారి కోసం మా అక్క కొడుకు ఫోనుతో ఏడెనిమిది ఫొటోలు తీశాడు. అందులో ఒకటి, ఎందుకు తీశాడో వాడికే తెలియని ఒకటి, సరిగ్గా గొట్టాల అడుగు భాగానిది. పెద్దది చేసి చూస్తే అండం, దాని మీద కిరీటం, లోపల ఈఎల్‌జీ. రెండు గొట్టాల మధ్య పైనున్న పట్టీ మీద కలకత్తా దుకాణం పేరు, కింద బెల్జియం పుట్టుమచ్చ. మా బాబాయి చెప్పిన లక్షలు ఆ ఫొటోతో ఎగిరిపోయాయి.

ముద్రల తర్వాత నంబరు. గొట్టాల మీద, యంత్రాంగం మీద, ముందు కర్ర లోపలి ఇనుప ముక్క మీద ఒకే నంబరు ఉండాలి. వేరైతే ఎప్పుడో ఒక భాగం మార్చారని అర్థం, సేకరణకర్తకు ఆకర్షణ వెంటనే తగ్గిపోతుంది. హాలండ్ అండ్ హాలండ్, పర్డీ, వెస్ట్‌లీ రిచర్డ్స్ వంటి పేరున్న ఇంగ్లీషు కంపెనీల పాత ఖాతా పుస్తకాలు నిలిచి ఉన్నాయి కాబట్టి, నంబరు రాస్తే ఏ సంవత్సరంలో ఎవరి కోసం తయారైందో తెలుసుకునే వీలుంది. ఒక జమీందారు పేరు ఆ పుస్తకంలో ఉందంటే ఆ ఒక్క పంక్తి గొట్టం మీది నగిషీ కన్నా ఎక్కువ విలువ చేస్తుంది. నూజివీడు, చల్లపల్లి వంటి సంస్థానాలు ఉన్న ప్రాంతం మనది. అలాంటి వస్తువులు ఏవో ఇళ్లలో తిరుగుతూనే ఉంటాయి, అయితే "ఇది ఫలానా రాజావారిది" అన్న ప్రతి మాటకూ కాగితం అడగాలి.

నాలుగో అడుగు: జ్ఞాపకంలోని తుపాకీని కాక, అమ్మిన రోజున ఉన్న తుపాకీని అంచనా వేయండి

మన జ్ఞాపకంలో అది ఎప్పుడూ తాతగారి చేతిలో మెరుస్తూనే ఉంటుంది. అమ్మిన నాటికి అది ఇరవై ఏళ్లు గుడ్డసంచిలో, కృష్ణా డెల్టా ఉక్కలో, ఏడాదికోసారి నూనె గుడ్డ తగిలీ తగలకుండా పడి ఉంది. అందువల్ల ఒక కాగితం తీసుకుని, ఫొటోలు ఎదురుగా పెట్టుకుని, లోపాలను మాత్రమే రాయండి. గుణాలు రాయడానికి మనసు ఎలాగూ సిద్ధంగానే ఉంటుంది.

గొట్టం లోపల చిన్న గుంటలు పడ్డాయా అన్నది మొదటి ప్రశ్న. పాత తూటాల మందు మిగిల్చిన లవణాలు తేమ పీల్చుకుని ఉక్కును కొరుకుతాయి. గుంటలను గీకి నునుపు చేయించారంటే గోడ పలచబడిందన్నమాట, పన్నెండు బోరు అసలు వ్యాసమైన .729 అంగుళం కన్నా లోపలి కొలత పెరిగి ఉంటుంది. చూడటానికి అద్దంలా మెరిసే గొట్టం నిజానికి ప్రమాదకరంగా పలచబడినదై ఉండవచ్చు. తూటా గది పొడవు ఇంకో సంగతి. పాత ఇంగ్లీషు తుపాకుల్లో అది ఎక్కువగా రెండున్నర అంగుళాలే, రెండు ముప్పావు అంగుళాల తూటాలు వాటికి పనికిరావు. గొట్టం మీద అలల్లాంటి గీతలున్న డమాస్కస్ రకమైతే, ముద్రలు చూసి నిపుణుడు చెప్పేదాకా అది దాచుకునే వస్తువే తప్ప కాల్చే వస్తువు కాదు.

ఇంట్లో పెద్దలు మంచి ఉద్దేశంతో చేసే నష్టం ఒకటుంది. అమ్మే ముందు "కొత్తగా కనబడాలని" పాలిష్ పట్టించి, నీలి పూత మళ్లీ వేయించి, కర్రకు వార్నిష్ కొట్టిస్తారు. పాత వస్తువుల లోకంలో ఇది గోడలకు సున్నం వేసి గుడి శిల్పాలను కప్పేయడం లాంటిది. అసలు పూత ముప్పై శాతం మిగిలి ఉన్నా సేకరణకర్త దానికే ఎక్కువ ఇస్తాడు. నగిషీ అంచులు మొద్దుబారి ఉంటే, మరల తలల గాడులు చితికి ఉంటే, ఆ తుపాకీని ఎవరో విప్పి రుద్దారని అతను క్షణంలో పసిగడతాడు. మేము మాత్రం అమ్మకానికి వారం ముందు కర్రకు వార్నిష్ కొట్టించాం. ఆ ఖర్చు ఎనిమిది వందలు. దానివల్ల పోయింది ఎంతో లెక్క కట్టకపోవడమే మంచిదనుకున్నాను.

ఐదో అడుగు: ఏ ధరతో పోలుస్తున్నారో ముందు తేల్చుకోండి

ఒకే తుపాకీకి మన దగ్గర కనీసం మూడు ధరలుంటాయి, పశ్చాత్తాపంలో చాలా భాగం ఈ మూడింటినీ కలిపేయడం వల్లనే వస్తుంది.

ఒకటి వాడకపు ధర. లైసెన్సు కొత్తగా వచ్చినవాడికి పనిచేసే తుపాకీ ఒకటి కావాలి. 1980ల నడుమ నుంచి సామాన్యులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే దారి మూసుకుపోవడం వల్ల, అంతకుముందు దేశంలోకి వచ్చినవే చేతులు మారుతూ ఉంటాయి. అందుకే విదేశాల్లో సాదాసీదాగా ఎంచే ఇంగ్లీషు, జర్మన్ రివాల్వర్లు, పిస్తోళ్లు ఇక్కడ లక్షల్లో పలుకుతాయి. ఇది సేకరణ విలువ కాదు, కొరత విలువ. ఆ తలుపు ఎప్పుడైనా తెరుచుకుంటే, లేదా ఇక్కడే మంచివి తయారైతే, దిగిపోయే విలువ. వెబ్లీ అండ్ స్కాట్ అనే ఇంగ్లీషు కంపెనీ పేరుతోనే ఉత్తర ప్రదేశ్‌లో ఇప్పుడు రివాల్వర్లు తయారవుతున్నాయి.

రెండోది సేకరణ ధర. తయారీదారు, అరుదు, అసలు స్థితి, వెంట ఉన్న తోలుపెట్టె, రాతపూర్వక చరిత్ర, వీటన్నిటికీ కలిపి అభిరుచి ఉన్నవాడు ఇచ్చేది. మన దేశంలో ఈ గుంపు చాలా చిన్నది.

మూడోది విదేశీ వేలం ధర. ఫోనులో వెతికితే కనిపించేది ఇదే, నిద్ర చెడగొట్టేదీ ఇదే. ఇది మీకు ఏనాడూ అందుబాటులో లేని ధర. వందేళ్లు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రాగలవు, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. వందేళ్లు దాటనిదాన్ని ఎగుమతి చేయడానికీ అనుమతుల గోడలున్నాయి. పైగా వేలంలో కనిపించే అంకెలో కొనేవాడు చెల్లించే కమీషను కలిపి ఉండవచ్చు, అమ్మినవాడి చేతికి వచ్చింది అందులోంచి ఇంకో కమీషను పోగా మిగిలినది. లండన్‌లో పలికిన ధర చూసి గుంటూరులో ఏడవడం, పొరుగూరి వాన చూసి మన చేలో నారు పోసుకోవడం లాంటిది.

కాబట్టి పోల్చవలసింది ఇది: మీరు అమ్మిన నెలకు అటూ ఇటూ, మన రాష్ట్రంలో, అదే కోవకు చెందిన, అదే స్థితిలో ఉన్న వస్తువుకు నిజంగా చేతులు మారిన సొమ్ము. చెప్పిన ధర కాదు, తీసుకున్న ధర. ఇద్దరు ముగ్గురు డీలర్లను, ఒకరిద్దరు రైఫిల్ క్లబ్బు సభ్యులను విడివిడిగా అడగండి. "నా తుపాకీ ఎంత చేసేది?" అని అడిగితే మీ ముఖం చూసి ఓదార్పు చెబుతారు. "ఇలాంటిది మీరు ఆ రోజుల్లో ఎంతకు కొన్నారు?" అని అడిగితే అంకె చెబుతారు.

అమ్మకం ఏ పరిస్థితిలో జరిగిందన్నది కూడా ధరలో భాగమే. లైసెన్సుదారు చనిపోతే ఆయుధాల చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం వారసులు ఆయుధాన్ని ఆలస్యం లేకుండా స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. గడువులోగా అమ్మకమో బదిలీయో తేల్చకపోతే అది ప్రభుత్వపరమవుతుంది. డీలరుకు ఈ గడువు తెలుసు, మీకు తెలుసని కూడా తెలుసు. నేను అమ్మింది ఆ గడువు నెత్తి మీద ఉన్నప్పుడే. అటువంటి రోజున వచ్చే ధరను, తీరిక ఉన్నవాడికి వచ్చే ధరతో పోల్చి మనల్ని మనం తిట్టుకోవడంలో న్యాయం లేదు.

ఆ తర్వాత వడ్డీ లెక్క వేయండి. అరవై వేలను సగటున ఏడు శాతం చక్రవడ్డీకి వేసి ఉంటే పదేళ్లకు సుమారు 1,18,000 అవుతుంది. దానికి, తుపాకీ ఉంచుకుని ఉంటే అయ్యే లైసెన్సు రెన్యువల్ ఖర్చులు, సేఫ్ కస్టడీ రుసుము కలపండి. ఈ రోజు అదే తుపాకీకి లక్షన్నర వస్తుందని ఎవరైనా అంటే, మీ నిజమైన నష్టం తొంభై వేలు కాదు, ముప్పై వేల లోపే. నేను వేసుకున్న లెక్కలో, బెల్జియం డీబీబీఎల్‌కు అప్పట్లో పలికిన ధరల ప్రకారం, నాకు తక్కువ వచ్చింది పది పన్నెండు వేలు. అందులో వార్నిష్ వాటా ఎంతో మళ్లీ ఆలోచించలేదు.

ఆరో అడుగు: మోసమా, తొందరపాటా?

అమ్మిన ధర తక్కువ అన్న ఒక్క కారణంతో అమ్మకాన్ని రద్దు చేయించలేరు. 1872 నాటి ఒప్పందాల చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది: వస్తువు విలువ గురించి పొరపడటం, చట్టం దృష్టిలో వాస్తవం గురించి పొరపడటం కిందికి రాదు. ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నాక ప్రతిఫలం చాలలేదన్నది కూడా కారణం కాదు. కొన్నవాడు తెలిసి తెలిసీ అబద్ధం చెప్పాడని, ఉదాహరణకు ముద్రలు చూసి కూడా "ఇది నాటు సరుకు, ఎవడూ కొనడు" అని నమ్మించాడని, రుజువు చేయగలిగితే దారి వేరు. అప్పుడు మోసం బయటపడిన నాటి నుంచి మూడేళ్ల గడువును దృష్టిలో పెట్టుకుని న్యాయవాదిని కలవాలి. తోబుట్టువులకు చెప్పకుండా ఒకరే అమ్మేసిన సందర్భాలు ఇంకో తరహా. అక్కడ పశ్చాత్తాపం కన్నా ముందు అక్కాచెల్లెళ్ల సంతకాల సంగతి చూసుకోవాలి.

ఏడో అడుగు: తిరిగి కొనాలనుకుంటే

ముందు మీ అర్హత. మీకు లైసెన్సు లేకపోతే, ఉన్నా అందులో ఖాళీ లేకపోతే, కొన్నవాడి గుమ్మం తొక్కకండి. "ముందు తెచ్చుకుందాం, తర్వాత కాగితాలు చూద్దాం" అన్న మాట ఈ విషయంలో జైలుకు దారి. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీస శిక్షే రెండేళ్లు.

అర్హత ఉంటే, ఉత్తరంతో మొదలుపెట్టండి. ఫోనులో మొదటిసారే "అమ్ముతారా" అంటే ఎదుటివాడు ధర పెంచుతాడు, లేదా భయపడతాడు. నేను మచిలీపట్నం వైపు ఉన్న ప్రస్తుత యజమానికి రాసిన ఉత్తరం సారాంశం ఇది: "మీ దగ్గరున్న ఫలానా నంబరు తుపాకీ మా తాతగారిది. దాన్ని మీరు బాగా చూసుకుంటున్నారని విన్నాను, సంతోషం. ఎప్పుడైనా అమ్మదలిస్తే, బయటివారికి చెప్పే ముందు నాకు ఒక్క మాట చెప్పగలరా? ఆ నాటికి ఇద్దరు డీలర్లు చెప్పిన ధరల సగటు ఇస్తాను." ఆయన కార్డు మీద జవాబు రాశారు. ఇద్దరం ఒక కాగితం మీద అదే రాసుకున్నాం. కొనేవాడికి మొదటి అవకాశం అన్న ఈ పద్ధతి పొలాల దగ్గర మనకు అలవాటైనదే.

తిరిగి కొనే ముందు తుపాకీని డీలరు దుకాణంలో, ఖాళీగా ఉందని ఆయన చేతే విప్పించి, చూడండి. గొట్టాలను విడదీసి వేలికి వేలాడదీసి కణుపుతో తడితే గంటలా మోగాలి. మొద్దు శబ్దం వస్తే మధ్య పట్టీ అతుకు వదులైంది. వెలుతురు వైపు పెట్టి గొట్టంలోంచి చూస్తే లోపలి నీడల వలయాలు ఎక్కడైనా విరిగితే అక్కడ సొట్ట ఉంది. ముందు కర్ర తీసి కదిపి చూస్తే కీలు దగ్గర ఆట తెలుస్తుంది. విజయవాడ నుంచి కొంటుంటే ఇంకో ప్రశ్న అడగాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీరు తాగిన తుపాకీ పైకి ఎంత తుడిచినా యంత్రాంగం లోపల తుప్పు పట్టి ఉంటుంది, విప్పించకుండా ధర మాట్లాడకూడదు.

మీరు ఇచ్చే గరిష్ఠ ధరను ఇంటి దగ్గరే, ఐదో అడుగులోని లెక్కతో, కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. తాతగారి పేరు మీద ఇంకో పది వేలు ఎక్కువ ఇవ్వదలిస్తే దాన్ని వేరే గీత కింద రాయండి. అది తుపాకీ విలువ కాదు, మీ ఇంటి విలువ, రెండింటినీ కలిపితే రేపు ఇంకోసారి మోసపోయామన్న బాధ మొదలవుతుంది.

ఇంకా అమ్మని వారికి

ఇంట్లో డెబ్బై ఏళ్లు దాటిన లైసెన్సుదారు ఉంటే, లేదా ఆయన ఆ తుపాకీని ఇరవై ఐదేళ్లుగా కలిగి ఉంటే, ఆయన బతికి ఉండగానే వారసుడి పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకునే వీలు 2016 ఆయుధ నిబంధనల్లో 25వ నిబంధన ఇస్తుంది. ఆయన పోయాక గడువుతో పరుగులు పెట్టడం కన్నా ఇది ఎంతో మేలు. లైసెన్సు వద్దనుకుంటే, అమ్మే ముందు ముద్రలతో సహా పన్నెండు ఫొటోలు తీయండి, కొలతలు రాయండి, వార్నిష్ డబ్బా మూత తీయకండి.

ఎనిమిదో అడుగు: కాగితాన్ని తుపాకీ దగ్గరికి పంపండి

తిరిగి రానిదైనా, రావడానికి ఏళ్లు పట్టేదైనా, దాని చరిత్ర మీ దగ్గర ఇరుక్కుపోకూడదు. కరోనా రోజుల్లో అటక మీది ట్రంకుపెట్టె దించితే, మా తాతగారు ఆ తుపాకీని కొన్న రసీదు దొరికింది. 1951లో, సెకండ్‌హ్యాండ్‌లో, మూడు వందల యాభై రూపాయలకు కొన్నారు. సరుకు పేరు ఉన్న చోట "బెల్జియం డబుల్ బ్యారెల్" అని అమ్మినవాడి చేతిరాతలో శుభ్రంగా ఉంది. ఆయనకు ఎప్పుడూ తెలుసన్నమాట. మాంటన్ అని ఆయన అన్నట్టు మా అమ్మకు గానీ, అక్కకు గానీ గుర్తు లేదు. అన్నది బాబాయే. ఆ రసీదు నకలు, కొల్లేటి గట్టు మీద తాతగారు ఆ తుపాకీ భుజాన వేసుకుని నిలబడిన ఫొటో నకలు కలిపి మచిలీపట్నం రిజిస్టరు పోస్టులో పంపాను. అసలు రసీదు నా దగ్గరే ఉంచుకున్నాను. మా ఒప్పంద కాగితం చివర, తుపాకీ నాకు తిరిగి వస్తే అది దానితో చేరుతుందని, ఆయన వారసులే ఉంచుకుంటే వారికి ఇచ్చేస్తానని ఒక పంక్తి చేర్చాం.